వేయించిన విత్తనాలు

పాకం మాడ్చినవాళ్లు, ఉప్పనుకొని వంటసోడా వేసినవాళ్లు, కుక్కర్ విజిల్ పెట్టడం మరిచిపోయినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. అందరూ దయచేసి ఒక పక్కకు జరగండి. ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క మూకుడుతో, ముప్పై ఏళ్ల పంటను నిర్వంశం చేసిన మనిషి మీతో మాట్లాడుతోంది. పోనీ చేసింది ఏమన్నా పెద్ద వంటా అంటే, అదీ కాదు. వేరుశెనగ ఉండలు. రెండే సరుకులు, గింజలూ బెల్లమూ. రెండు సరుకులతోనే ఇంత ప్రళయం తెచ్చానంటే, నాకు బిర్యానీ అప్పజెప్పి ఉంటే పల్నాడు ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అప్పటికి నాకు పెళ్లయి నాలుగు నెలలు. పుట్టి పెరిగింది నరసరావుపేటలో, మా నాన్న బడిపంతులు. నేను చూసిన పొలమంతా బస్సు కిటికీలోంచి చూసిందే. అత్తగారి ఊరు నకరికల్లు దగ్గర. ఇంట్లో నలుగురం. మా ఆయన పొద్దున్నే బండేసుకొని పేటలో ఆఫీసుకు పోయి దీపాలవేళకు వస్తాడు. అత్తయ్య నోరూ చెయ్యీ రెండూ చురుకైన మనిషి. మామయ్య దానికి సరిగ్గా ఎదురు. రోజుకు పది మాటలకు మించి వాడితే ఎవరో జరిమానా వేస్తారన్నట్టు ఉండేవారు. ఆ పదిలో ఆరు గేదెలకు పోయేవి, నాలుగు అత్తయ్యకు. నేను కాఫీ ఇచ్చినా, కూర వడ్డించినా, నా వాటాకు వచ్చేది ఒక "ఊఁ".

ఆ "ఊఁ"ను ఎలాగైనా ఒక వాక్యంగా పెంచాలని నా పట్టుదల. "బాగుంది అమ్మాయ్" అంటే చాలు, జన్మ ధన్యం అనుకునేదాన్ని. నవ్వకండి. కొత్త కాపురంలో మనిషికి ఇంతకంటే పెద్ద కోరికలు ఉండవు.

వేసవి చివర, తొలకరి కోసం ఊరంతా ఆకాశం చూస్తున్న రోజుల్లో, అత్తయ్య వాళ్ల చెల్లెలికి కంటి ఆపరేషన్ అని గురజాల ప్రయాణమైంది. మూడు రోజులు. గుమ్మం దిగుతూ నాకు ఒకే ఒక్క మాట చెప్పింది.

"డబ్బాల్లో అన్నీ ఉన్నయ్యి. పప్పూ చారూ పెట్టు, చాలు. కొత్త కొత్తయ్యి ఏం చేయమాకు."

అత్త లేని కోడలు ఉత్తమురాలు అని సామెత. మొత్తానికే లేకపోతే ఉత్తమురాలేమో నాకు తెలియదు. మూడు రోజులు మాత్రమే లేకపోతే ఆ కోడలంత ప్రమాదకరమైన ప్రాణి ఇంకొకటి ఉండదని మాత్రం అనుభవం మీద చెప్పగలను. బస్సు కదిలిందో లేదో, నేను ఫోన్ తీశాను. "ఐదు నిమిషాల్లో పల్లీ ఉండలు" అని ఒకావిడ నవ్వుతూ చేసి చూపిస్తోంది. "గింజ ఎంత మంచిదైతే ఉండ అంత రుచి" అని చివర ఒక ముక్క చెప్పింది. నా కొంప ముంచింది ఆ ముక్కే.

వంటింట్లో డబ్బా నిండా వేరుశెనగ పప్పు ఉంది. అంగట్లో కొన్నది, నిక్షేపంగా ఉంది. నేను దాన్ని వాసన చూసి, ముక్కు చిట్లించి, మామయ్యకు ఇలాంటి పప్పుతోనా అని మూత పెట్టేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త కోడలు డబ్బా ఎరగదు. అక్కణ్ణుంచి ధాన్యం పెట్టుకునే కొట్టు గదిలోకి వెళ్లి చూద్దును కదా, దూలానికి తాడుతో కట్టి ఒక గుడ్డమూట వేలాడుతోంది.

ముక్కాలిపీట ఎక్కి దింపాను. లోపల వేరుశెనగ కాయలు, వాటి మధ్య ఎండిన వేపాకు. చిన్న చిన్న కాయలు, ముద్దుగా ఉన్నాయి. ఒకటి చిదిపి నోట్లో వేసుకుంటే ఎర్రటి గింజ, పాలు కారుతున్నంత కమ్మగా ఉంది. ఇంత మంచి కాయల్ని పాపం ఎవరో పైన కట్టి మరిచిపోయారే అనుకున్నాను.

మరిచిపోయే కాయలకు వేపాకు ఎందుకు వేస్తారు, ఎలుకలకు అందకుండా దూలానికి ఎందుకు కడతారు అని మీరు అడుగుతారు. నిజమే. ఆ రోజు మీరెవరూ నా పక్కన లేరు, అదే వచ్చిన చిక్కు.

ఐదు నిమిషాల ఉండలకు కాయలు ఒలవడమే రెండు గంటలు పట్టింది. అందులోనూ నేను రాణిగారిలా కూర్చుని ఏరాను. ఒంటిగింజ కాయ వద్దు, వంకర కాయ వద్దు, నలిగిన కాయ వద్దు. మామయ్య పంటి కిందకు ఒక్క పుచ్చు గింజ రాకూడదు. వద్దనుకున్నవన్నీ తొక్కుతో పాటు చేటలోకి ఎత్తి, పెరట్లో పెంటకుప్ప మీద పారబోసి, ఇల్లూడ్చిన చెత్త కూడా దాని మీదే కుమ్మరించాను. మిగిలిన మేలిరకం గింజలన్నీ సన్నసెగన దోరగా వేయించి, పొట్టు ఊది, బెల్లం పాకం పట్టాను. పాకం చుక్క నీళ్లలో వేస్తే గోళీలా ఉండ కట్టింది. చేతికి నెయ్యి రాసుకొని, వేళ్లు చురుక్కుమంటున్నా ఆపకుండా చుట్టాను.

పాకం చెడిందనో, ఉండలు రాళ్లయ్యాయనో చెబుతానని ఎదురు చూస్తున్నారేమో. అదేం లేదు. నా జీవితంలో అంత బాగా కుదిరిన వంట అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. చెడిపోయి ఉంటే ఎంత బాగుండేదో! గర్వం పట్టలేక ఆ చుట్టుపక్కల నాలుగిళ్లకూ ప్లేట్లలో పెట్టి పంచి వచ్చాను. పక్కింటి సుబ్బాయమ్మ పిన్ని ఒకటి కొరికి, "పేట పిల్లవైనా చేతిలో పనుందే" అంది. నేను నేల మీద నడవలేదు.

సాయంత్రం మామయ్య పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నారు. రెండు ఉండలు ప్లేటులో పెట్టి ఇచ్చి, తలుపు పక్కన నిలబడ్డాను. ఆయన ఒకటి నోట్లో వేసుకున్నారు. నమిలారు. నమలడం నెమ్మదించింది. ఆగిపోయింది. తల ఎత్తి నన్ను చూశారు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడారు.

"గింజలు ఎక్కడియ్యి అమ్మాయ్?"

"కొట్టు గదిలో పైన మూట ఉంది మామయ్యా. ఎవరో మర్చిపోయినట్టున్నారు."

ఆయన లేచి కొట్టు గదిలోకి వెళ్లారు. దూలానికి ఊగుతున్న ఉత్త తాడు చూసి, బయటికి వచ్చి మళ్లీ మంచం మీద కూర్చున్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన ప్లేటులోని రెండో ఉండను చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూస్తూ, నిదానంగా, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పారు.

ఆ కాయలు విత్తనం కాయలట. అత్తయ్య పుట్టిల్లు మాచర్ల అవతల ఒక పల్లె. పెళ్లయి వచ్చేటప్పుడు వాళ్లమ్మ సారె తట్టలో అరిసెల పక్కన ఒక చిన్న మూట పెట్టిందట. మా నేలలో పండే కాయలు, అక్కడా వేసుకోండి, మా పిల్లకు మా ఇల్లు గుర్తుకొచ్చినప్పుడు ఇన్ని వేయించి పెట్టండి అని. ఆ తల్లి పోయి చాలా ఏళ్లయింది. అక్కడి చేలన్నీ మిర్చి అయిపోయాయి. ఆ రకం ఇప్పుడు ఎక్కడా లేదు. మామయ్యే ప్రతి ఏడూ మిర్చిచేను పక్కన ఒక చిన్న నేలచెక్కలో వేసేవారు. అడవి పందులు తిన్నంత తినగా, అడిగినవాళ్లకు ఇచ్చినంత ఇవ్వగా, మిగిలింది మూట కట్టి దూలానికి వేలాడదీసేవారు. ఈ వానకు వేయాల్సినవి అవే. వేరే మూట లేదు.

ఆయన లేచి, కండువా దులుపుకొని, గేదెల దగ్గరకు పోతూ ఒక మాటన్నారు.

"మీ అత్తకు నేను చెప్తాలే. నువ్వు నోరెత్తమాకు."

ఇక్కడితో ఆగితే అది మామూలు తెలివితక్కువతనం. నేను ఆగలేదు. పొద్దున్నే లేచి, పంచిన ఉండలు తిరిగి అడగడానికి బయల్దేరాను. ఒక ఇంట్లో అయిపోయాయన్నారు. ఒక ఇంట్లో నన్ను పైనుంచి కిందకు చూసి రెండు ఇచ్చారు. సుబ్బాయమ్మ పిన్ని అయితే ప్లేటు వెనక్కి దాచుకుంది. "పెట్టిన చేత్తోనే లాక్కుంటారంటే, మీ పేటలో ఇదా మర్యాద?" అంది. కారణం చెప్పలేను, చెప్పకుండా ఉండలేను. బతిమాలి, బామాలి, మొత్తం మీద ఏడు ఉండలు సంపాదించాను. ఇంట్లో మిగిలినవాటిలోంచి ఇంకో నాలుగు తీశాను. అన్నిటినీ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, బెల్లం కరిగించి, ఒక్కో గింజనూ బిడ్డకు స్నానం చేయించినట్టు కడిగి, తడిగుడ్డలో మూట కట్టి, నీళ్లకుండ వెనకాల దాచాను. పెసలు అలాగే మొలకెత్తుతాయి కదా. ఇవీ మొలుస్తాయని నా ధీమా.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు పెద్దలు. నా విత్తుకు ఆ అనుమానమే అక్కర్లేదు, ఏ చెట్టూ మొలవదు. ఆ ముక్క అర్థం కావడానికి బీయస్సీ బోటనీ చదివిన నాకు ఒక రోజు పట్టింది. అవును, బోటనీయే. డిస్టింక్షన్ కూడా వచ్చింది. మా లెక్చరర్లు ఇది చదవరని ఆశ.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి, కుండ వెనకాల ఆ మూట చూశారు. విప్పారు. మెత్తబడి, జిగురు కట్టి, పుల్లటి వాసన కొడుతున్న గింజలు.

"ఏందమ్మాయ్ ఇది?"

"మొలకలు మామయ్యా. విత్తనానికి."

"వేయించావుగా?"

"చానా వేయించలేదు మామయ్యా. సన్నసెగ మీదే."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. తర్వాత గోడ పట్టుకున్నారు. తర్వాత కూర్చుండిపోయారు. ఆయన భుజాలు అదురుతుంటే గుండెకేమన్నా అయిందేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు! కళ్లలోంచి నీళ్లు కారుతున్నా ఆగకుండా, "సన్నసెగ మీదేనంట" అని మళ్లీ మళ్లీ అనుకుంటూ నవ్వుతున్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన నవ్వు చూసి ఏడుస్తూనే నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నేను పరాయిదాన్ని కాదని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

ఆ సాయంత్రమే అత్తయ్య వచ్చింది. ఆమె కంట్లో పడకుండా ఈ ఇంట్లో ఏదీ దాగదు. కాళ్లు కడుక్కోకముందే కొట్టు గదిలోకి తొంగి చూసి, "మూటేదీ?" అంది.

మామయ్య ఎక్కడో చూస్తూ, "పందికొక్కులు పట్టుకుపోయినయ్యి" అన్నారు. ముప్పై ఏళ్లలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుండాలి, అంత అధ్వాన్నంగా ఆడారు.

అత్తయ్య వంటింట్లోకి వెళ్లింది. స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఒక ఉండ చేత్తో పట్టుకొని బయటికి వచ్చింది.

"పందికొక్కులు పాకం కూడా పట్టినయ్యా?"

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మూట దింపింది నేనే అత్తయ్యా, మామయ్య తప్పేం లేదు, మీ అమ్మగారి విత్తనమని తెలియదు అని. ఆమె నా మాట వింటోందో లేదో తెలియలేదు. చేతిలోని ఉండను కొరికింది. నమిలింది. గడప మీద మెల్లగా కూర్చుంది. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను.

"మా అమ్మ చేసినట్టే ఉన్నయ్యే" అంది.

తర్వాత కొంగు తీసి మామయ్య వైపు తిరిగింది. "ముప్పై ఏళ్లు. ఎప్పుడడిగినా విత్తనం, విత్తనం. ఏటికేడు కట్టడం, వేయడం, మళ్లీ కట్టడం. ఎవరి కోసం దాస్తున్నావయ్యా? ఒక్క నాడన్నా గుప్పెడు వేయించి పెట్టావా? ఇదిగో, వచ్చి నాలుగు నెలలు కాలేదు, ఈ పిల్ల పెట్టింది."

మామయ్య తల వంచుకున్నారు. "విత్తనం పోతే నీకేం మిగులుతుందనీ" అన్నారు, చాలా చిన్నగా. అత్తయ్య సగం ఉండ విరిచి ఆయన చేతిలో పెట్టింది. నేను గేదెలకు మేత వేసే వంకతో బయటికి వచ్చేశాను.

ఆ వారంలోనే తొలకరి పడింది. మామయ్య ఆ చెక్కలో ఈసారి కందులు వేస్తానన్నారు. ఇంకో పది రోజులకు చెత్త పారబోయడానికి పెరట్లోకి వెళ్లిన అత్తయ్య అక్కణ్ణుంచే గట్టిగా మామయ్యను పిలిచింది. పరుగెత్తి వెళ్లి చూస్తే, పెంటకుప్ప మీద పచ్చగా, నాలుగేసి రెబ్బల ఆకులతో వేరుశెనగ మొక్కలు. నేను పనికిరావని ఏరి పారేసిన ఒంటిగింజలూ వంకర కాయలూనూ. నేను మెచ్చి ఏరుకున్నవి మూకుట్లోకి పోయాయి, ఛీ కొట్టినవి వంశం నిలబెట్టాయి.

మామయ్య ఆ పూటే ముళ్లకంప నరుక్కొచ్చి పెంటకుప్ప చుట్టూ కంచె వేశారు. ఊళ్లో ఎవరూ పెంటకుప్పకు కంచె వేయలేదట. "ఏంది బావా, చెత్త ఎవరన్నా ఎత్తుకుపోతారనా?" అని దారినపోయే ప్రతివాడూ అడిగాడు. ఆయన అందరికీ ఒకే జవాబు చెప్పారు. "మా కోడలు వేసిన చేను."

ఇది జరిగి ఎనిమిదేళ్లు. ఇప్పుడు కొట్టు గదిలో దూలానికి ప్రతి ఏడూ రెండు మూటలు వేలాడతాయి. రెండింటికీ మామయ్య పాత క్యాలెండరు కాగితం చింపి చీటీలు కడతారు. ఒకదాని మీద "మీ అత్త ఉండలకు" అని ఉంటుంది. రెండోదాని మీద "విత్తనం. సన్నసెగ మీద కూడా వద్దు" అని ఉంటుంది.

కాబట్టి, పొయ్యి సాక్షిగా, మూకుడు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అడక్కుండా దూలం మీది మూట దింపను. వేపాకు కనిపిస్తే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటాను. బోటనీ చదివానని ఇక ఎవరికీ చెప్పను. వంకర కాయ కనిపిస్తే మాత్రం, పారేయకుండా, మామయ్య చేతిలో పెడతాను.