మా నాయనమ్మ తిన్న రొట్టె

నా చిన్నప్పుడు మరిపెడలో మా ఇల్లు గడిచింది ఒక పిండి గిర్ని మీద. తాత పోయాక దాన్ని మా నాయనమ్మే నడిపింది. పొద్దున్నే చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు జొన్నల గంపలతో వచ్చి కూర్చునేవాళ్లు. గిర్ని చప్పుడు వినబడితేగానీ నాకు తెల్లవారినట్టు ఉండేది కాదు.

ఆ తర్వాత వానలు ముఖం చాటేశాయి, జొన్నలు పండలేదు. కంట్రోలు దుకాణంలో చవక బియ్యం రావడంతో చాలా ఇళ్లలో రొట్టెలు చేసుకోవడమూ తగ్గింది. మా నాయన గిర్ని అమ్మేసి అందరం బొంబాయి పోదామన్నాడు. కొనేవాడు కూడా దొరికాడు, వచ్చే అంగడి రోజున వస్తానన్నాడు. బడినీ, ఊరినీ వదిలిపోవాలని తెలిసి నేను సరిగ్గా అన్నం తినడం మానేశాను.

నాయనమ్మ మాత్రం తొణకలేదు. “గిర్నికేం రోగం రాలేదు బిడ్డా, జొన్నలు వస్తలేవు గంతే. దానికి వేరే పని చెప్దాం” అంది.

బావుల కింద మిరప తోటలు ఎంతో కొంత నిలిచాయి. ఎండుమిర్చిని రోకలితో దంచలేక ఆడవాళ్ల చేతులు మండిపోయేవి. అది చూసి నాయనమ్మ గిర్నిలో కారం పట్టడం మొదలుపెట్టింది. జనం బాగానే వచ్చారు. మా వీధిలో నడిచేవాళ్లంతా తుమ్ముకుంటూ, మమ్మల్ని తిట్టుకుంటూ పోయేవాళ్లు. నాకైతే ఆ తిట్లు కూడా కమ్మగా ఉండేవి.

అంతలోనే మూలిగే నక్క మీద తాటిపండు పడింది. ఎప్పుడూ వచ్చే తండా అక్క ఒకామె కాసిని జొన్నలు పట్టించుకుపోయింది. మర్నాడు, అంటే సరిగ్గా అంగడి నాడు, రొట్టె ముక్క పట్టుకుని బిడ్డను చంకనేసుకుని వచ్చింది.

“ఏందవ్వా గిది? జొన్నరొట్టెనా, మిరపరొట్టెనా? పోరడు నోరు మండి రాత్రంతా ఏడ్చిండు!”

గంపలతో వచ్చినవాళ్లు గంపలెత్తుకుని లేచారు. మా నాయన తల పట్టుకున్నాడు.

నాయనమ్మ మా ఇంటి జొన్నలు తెచ్చి ఆ అక్క కొంగులో పోసింది. గిర్ని రాళ్లు విప్పించి, కుంచెతో దులిపి, వాటికి అంటిన కారం పోయేలా తవుడు పోసి ఆడించింది. ఆపైన గుప్పెడు జొన్నలు పట్టి, అరుగు మీదే పొయ్యి పెట్టి, అందరి ముందూ రొట్టె చేసి ఒట్టిగానే కొరికింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాగుందని చెప్తుందనుకున్నాను. చెప్పాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. ఆమె ముక్క పక్కన పెట్టి, “ఇంకా పోలే, ఘాటున్నది” అంది.

మళ్లీ రాళ్లు విప్పారు. మళ్లీ తవుడు, మళ్లీ రొట్టె. ఈసారి నెమ్మదిగా నమిలి, మిగిలిన ముక్క పిల్లాడికి అందించింది. వాడు చప్పరించి ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు. వాళ్లమ్మ నవ్వింది. లేచినవాళ్లు మళ్లీ గంపలు దించారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు నుంచి పొద్దున జొన్నలు, మధ్యాహ్నం మిరప అని నియమం పెట్టింది. రోజూ మొదటి రొట్టె తనే తినేది. “అవ్వ రొట్టె తిన్నదా?” అని అడిగాకే ఆడవాళ్లు గంపలు దించేవాళ్లు. గిర్ని కొనడానికి ఆ అంగడి నాటి సాయంత్రమే వచ్చినాయన అరుగు నిండా ఉన్న జనాన్ని చూసి నిలబడిపోయాడు. “గిర్ని అమ్మం తీ అన్నా, జర చాయ్ తాగి పో” అన్నాడు మా నాయన. అప్పుడు తిన్నాను నేను కడుపునిండా.

ఇప్పుడు నాకు మానుకోటలో చిన్న కర్రీ పాయింట్ ఉంది. కరోనాలో అది మూతపడితే పచ్చళ్లు, పొడులు చేసి ఇళ్లకు పంపి నిలబడ్డాను. దారి మార్చుకోవడం ఎలాగో ఎవరైనా నేర్పుతారు. బతుకుదెరువు పోయేలా ఉన్న పూట కూడా నలుగురి ముందు ‘ఇంకా కాలేదు’ అని ఒప్పుకుని మళ్లీ మొదలుపెట్టడం మా నాయనమ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట అనడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.