పిస్తోలుకు పొద్దుటి స్నానం

ఆ రోజుల్లో భయపడడానికి నాకు పెద్ద కారణాలేవీ అవసరమయ్యేవి కావు. పోస్టు బంట్రోతు మా వీధి మలుపు తిరిగితే భయం, తిరగకుండా పోతే అంతకంటే భయం. అలాంటి నన్ను నెల్లూరు నుంచి పిలిపించి, పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి దొర దగ్గర గుమాస్తాగా చేర్చి, చేరిన వారంలోనే చేతికి పిస్తోలు ఇచ్చారంటే దేవుడికి పరాచికాలంటే ఎంత ఇష్టమో మీరే ఊహించుకోండి. దొర వేరుశనక్కాయలు ఓడలకెక్కించే వర్తకుడు. నేను ఉండేది ఆ ఊళ్లోనే ఉప్పళం పేటలో, మా మేనత్త ఇంట్లో. వాళ్లు తరాలుగా ఆ ఊళ్లో పాతుకుపోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నేను దిగిన రోజునే మా మామ సంగతి తేల్చి చెప్పేశాడు. "ఇదో చూడబ్బయ్యా, ఎండాకాలం పొయినాక దొర నిన్ను కాయం చేసినాడంటే ఆవణి మాసంలో పిల్లనిచ్చేస్తా. చెయ్యలేదా, నెల్లూరు రైలు యాడ నిలబడేదీ నీకు తెలుసు గదా." ఆవణి అంటే అరవవాళ్ల శ్రావణం, పిల్ల అంటే మా అత్త కూతురు. ఆ అమ్మాయి నాకు అన్నం వడ్డించేటప్పుడు నోరు విప్పేది కాదు, గాజులు మాత్రం గలగలలాడేవి. ఆ గాజుల కోసమే నేను రోజూ రెండు ముద్దలు ఎక్కువ తినేవాడిని.

ఇక పిస్తోలు సంగతి. దొర ఆదివారం సాయంత్రాల్లో తోట గోడకు పేకముక్క గుచ్చి దాన్ని కాల్చి సంతోషించేవాడు. చాలా చిన్న పిస్తోలు. తూటా చిటికెనవేలి గోరంత ఉంటుంది, దాని అడుగు అంచు మీద సుత్తి పడితే పేలుతుంది. (ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా దానికి ముందూ వెనకా ఉంటాయనీ, ముందువైపు నిలబడకూడదనీ.) ఎండాకాలానికి కొండల మీదికి వెళ్తూ, ఆ ఉదయం సరదాగా నాలుగు గుళ్లు పేల్చి, ఉప్పుగాలికి తుప్పు పడుతుందని చెప్పి దొర దాన్ని నాకు అప్పగించాడు. ఫ్రెంచిలో ఏదో వివరించాడు కూడా. నాకు వచ్చిన ఫ్రెంచి అంతా కలిపి "ఉయ్ ముస్యే", అంటే చిత్తం దొరా. ఆ ఉన్నదంతా అక్కడ ఖర్చు పెట్టేశాను. పక్కనే మా పెద్ద గుమాస్తా, అరవాయన, దొరతోపాటు తనూ బయల్దేరే హడావుడిలో ఉన్నాడు. "ఎన్ని తడవలు తుడవాలండీ?" అని అడిగాను. ఆయన బండి మెట్టు మీద కాలుపెట్టి, "ఒరు తడవై పోదుం, తంబీ" అని ఎక్కి కూర్చున్నాడు. బండి వెళ్లిపోయింది.

ఒక తడవ, పొద్దున. ఇందులో తెలియకపోవడానికేముంది? మన పొద్దునను వీళ్లు కాస్త సాగదీసి పలుకుతారు కాబోలనుకున్నాను. మర్నాటి నుంచి ప్రతి పొద్దునా పిస్తోలు శుభ్రం చేయడం మొదలుపెట్టాను. ఆదివారం కొట్టు మూసేస్తారు, నిజమే, కానీ ఆదివారానికి మాత్రం పొద్దు లేదా? అందుకని దాన్ని సంచిలో వంకాయల కింద దాచి ఉప్పళం తెచ్చుకున్నాను. దారిలో ఎర్రటోపీ సిపాయి ఒకడు నా సంచివైపు చూశాడు. పాపం, వాడు చూసింది వంకాయలనే అయి ఉంటుంది, కానీ ఇల్లు చేరేసరికి నా చొక్కా పిండితే చెంబుడు నీళ్లు వచ్చేవి. మళ్లీ ఆ దారిన మోసుకుపోయే ధైర్యం లేక పిస్తోలును ఇంట్లోనే ఉంచేశాను.

దాంతో అత్తకు కష్టాలు మొదలయ్యాయి. "ఏందిరా అబ్బయ్యా, దాని మొగం నా తట్టు తిప్పినావు! అట్టా గోడ తట్టు పెట్టు" అనేది. అందులో తూటా లేదని నాకు తెలుసు. తెలియడం వేరు, నమ్మడం వేరు. గోడ తట్టు పెడితే అవతల ఇల్లు సొల్దా తాతది. ఫ్రెంచి పటాలంలో చేసి పింఛను తీసుకునేవాళ్లను ఆ ఊళ్లో సొల్దా అంటారు. ఆ తాత ఒకరోజు గోడ మీదుగా తల పెట్టి, "ఎవురది, నా ఇంటి మీద దండెత్తింది?" అని అరిచి, సంగతి విని ఉత్సాహంగా లోపలికి వచ్చేశాడు. "సైగోనులో మా దొర చెప్పేవోడు. గొట్టంలో గుడ్డ తోస్తే, అవతల మల్లెపువ్వు మాదిరి తెల్లగా రావాల. నల్లగా వచ్చిందా, ఆ పూట నీకు కూడు లేదు" అన్నాడు. (ఆయన తుడిచింది నిలువెత్తు తుపాకులను. ఇలాంటి చిట్టి పిస్తోలును ఆయన జన్మలో చూడలేదని మాకెవరికీ తోచలేదు.)

నేను గుడ్డ తోశాను. బూడిదరంగులో వచ్చింది. ఇంకొకటి తోశాను, అదీ బూడిదే. అత్త పాత చీరలు అయిపోయాయి, మామ పంచె కొంగు పోయింది, గుడ్డ మాత్రం తెల్లబడలేదు. నేను తెల్లబడ్డాను. దొర వచ్చి గుడ్డ తోసి చూస్తాడు, నల్లగా వస్తుంది, నన్ను పొమ్మంటాడు, మామ రైలు చూపిస్తాడు, గాజులు ఇంకెవడి విస్తరి ముందో గలగలలాడతాయి. ప్రతి పొద్దునా ఈ వరసే కళ్ల ముందు కదిలేది. దొర ఇచ్చిన నూనె బుడ్డి ఎప్పుడో ఖాళీ అయింది. కొత్తది ఎక్కడ కొనాలో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంటే అత్తే దారి చూపింది. "ఏందిరా, దొర చేసేది శెనక్కాయల యాపారం. ఆయన తుపాకికి శెనక్కాయల నూనె చేదా?" ఈ వాదానికి జవాబు నాకే కాదు, ఏ ప్లీడరుకూ తట్టదు. వంటింటి గరిటెతోనే పోశాను.

ఎండలు తగ్గాక దొర దిగాడు. ఆ ఆదివారమే తోటలోకి ఇంకో వర్తకుడైన దొరను పిలిచాడు. ఇద్దరికీ గురి విషయంలో పాత పంతం. పెద్ద గుమాస్తాతోపాటు నన్నూ రమ్మన్నారు. పిస్తోలును మళ్లీ వంకాయల కిందే మోసుకెళ్లాను. పిస్తోలు తళతళలాడుతోంది, దొర మెచ్చుకోలుగా తల ఊపాడు, నా ప్రాణం లేచి వచ్చింది. తర్వాత ఆయన తూటా పెట్టి కాల్చాడు. టప్‌మని పొగ లేచింది, నూనె చిమ్మి ఆయన మీసం మీద పడింది, పేకముక్క చెక్కుచెదరలేదు, దానికి బారెడు దూరంలో పూలకుండీ పగిలింది. మళ్లీ కాల్చాడు. ఈసారి గోడ మీద పిల్లి పారిపోయింది. అంతలో తోటంతా కమ్మగా వడలు వేగుతున్న వాసన అలముకుంది. వచ్చిన దొర ముక్కు ఎగబీల్చి వంటింటివైపు ఆశగా చూశాడు.

మా దొర గొట్టం వాసన చూశాడు, పెద్ద గుమాస్తా వాసన చూశాడు, తర్వాత ఇద్దరూ నన్ను చూశారు.

"ఎత్తనై తడవై తొడచ్చే?" అన్నాడు పెద్ద గుమాస్తా. ఎన్నిసార్లు తుడిచావని.

"మీరు చెప్పినట్టేనండీ. ఒరు తడవై పొద్దుం అన్నారు కదా. రోజూ పొద్దునే."

ఆయన నెత్తి బాదుకున్నాడు. "అడపావీ! పోదుం! పోదుం!"

పోదుం అంటే అరవంలో చాలు అని అర్థం. ఒకసారి చాలు. అలాంటి పిస్తోలుకు కాల్చిన రోజున ఒక్క గుడ్డ తోసి, నూనె తడి తగిలించి, చుట్టి పెట్టేస్తే చాలట. ఉత్తపుణ్యానికి రోజూ తోమితే తుప్పుకంటే ఎక్కువ చేటట. చాలు అనే మాట నాకెందుకు తెలియలేదంటారా? అన్నం దగ్గర ఆ మాట అనే అవసరం ఆ వయసులో నాకు రాలేదు మరి.

సంగతంతా విని దొర మీసం తుడుచుకుని కాలుస్తూ పోయాడు. నూనె మాడిపోయే కొద్దీ గుళ్లు దారిలో పడి, చివరికి పేకముక్కకు చిల్లి పడింది. అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వి, ఫ్రెంచిలో ఏదో తీర్పు చెప్పాడు. పెద్ద గుమాస్తా నావైపు తిరిగి, "ఇవనుక్కు ఇని సావిదాన్!" అన్నాడు. మా వైపు సావు అంటే చావే. పగిలిన కుండీ పక్కనే కళ్లు మూసుకుని చతికిలబడ్డాను. కళ్లు తెరిచేసరికి ఒళ్లో తాళంచెవుల గుత్తి ఉంది. అరవంలో సావి అంటే తాళంచెవి, వీడికి ఇక తాళంచెవులే అన్నాడన్నమాట. చెప్పిన పనిని ఇంత మూర్ఖంగా చేసేవాడు గిడ్డంగికి కాపలా ఉండాల్సినవాడు, వీడిని ఖాయం చెయ్యండి, పిస్తోలు మాత్రం వీడి కంట పడనివ్వకండి అన్నాడట దొర.

ఆవణిలో పెళ్లయింది. దొర ఏనాడో ఓడెక్కి తన దేశం వెళ్లిపోయాడు, పిస్తోలూ వెళ్లింది. ఇప్పుడు అరవం నాకు నీళ్లప్రాయం. వైద్యుడు సగం కడుపే తినమన్నాడు. మా ఆవిడ గరిటె పట్టుకుని, గాజులు గలగలమనిపిస్తూ, "బావా, పోదుమా? పొద్దునా?" అని ఇప్పటికీ నవ్వుతూ అడుగుతుంది. కడుపు నిండిపోయి ఉంటుంది. అయినా ఆ ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు.