జగర్గుండా సంతలో రాణి వేషం

ఆ రోజుల్లో మా వైపు నటుడు అనే మాట లేదు. వేషగాడు అనేవాళ్లు. అదైనా ఎదురుగా ఉన్నప్పుడు అనేవాళ్లు కాదు, మనం నాలుగడుగులు దాటిపోయాక అనేవాళ్లు. బస్తరు ఇంకా రాజుల ఏలుబడిలోనే ఉంది. మా ఊరు పామేడు పక్కన. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లీ, సంతలో గోండీ, సర్కారు మనిషి ఎదురైతే వచ్చీరాని హిందీ, ఇలా పొద్దున్నుంచి సాయంత్రందాకా నాలుగు భాషలు మాట్లాడి అలసిపోయేవాళ్లం. మొన్న మా మనవరాలు నటన నేర్పే బడులున్నాయని, అక్కడ ఏడవడం కూడా నేర్పుతారని చెబితే నమ్మలేకపోయాను. మా కాలంలో ఏడుపు నేర్పడానికి ప్రత్యేకంగా ఎవరూ అక్కర్లేదు. నాటకాల్లో చేరతానని ఇంట్లో ఒక్క మాట అంటే చాలు, అందరూ కలిసి నేర్పేవారు.

ఎండాకాలం మొదలవుతూనే భద్రాచలం వైపు నుంచి రెండెడ్ల బండ్లలో ఒక నాటకం కంపెనీ వచ్చేది. దాని పెద్దను అందరూ గురువు గారనేవారు. నాటకం రాసిందీ ఆయనే, రాజు వేషం ఆయనదే, వంటా ఆయనదే (మూడింటిలోనూ ఉప్పు కాస్త ఎక్కువే). నాకు అప్పుడే కొత్తగా మీసం వస్తోంది. ఆయన ముందు నిలబడి గొంతెత్తి పద్యం పాడాను. ఆయన చాలాసేపు నన్ను ఎగాదిగా చూసి, "నీ గొంతు మగోడికి పనికిరాదు గానీ నాటకానికి పనికొస్తది. రేపు మీసం తీసేసి రా" అన్నారు. రాజు వేషం కోసం వెళ్లినవాణ్ని, రాణినై తిరిగొచ్చాను.

మీసం తీయడం అంత మామూలు సంగతి కాదని ఇంటికి వెళ్లాక తెలిసింది. మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. నున్నటి మొహంతో గుమ్మంలోకి అడుగుపెట్టగానే అమ్మ చేతిలో చేట కింద పడేసి బావురుమంది. నాన్న అరుగు మీద నిక్షేపంలా కూర్చుని అంబలి తాగుతున్నాడు. "నేను కండ్ల ముంగట ఉండంగనే నాకు కర్మ జేసి వచ్చిండు నీ కొడుకు" అని అమ్మతో అని, మిగిలిన అంబలి తాపీగా తాగేసి లేచి పొలానికి పోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఎద్దుకు చెప్పేవాడు. "బర్రెల్ని తోలుకొచ్చే దిక్కు లేదే ఈ ఇంట్ల" అని ఎద్దుతో అంటే నేను పోయి తోలుకొచ్చేవాణ్ని. నవ్వులాటగా రాస్తున్నాను గానీ, ఆ మౌనం మోస్తూ బండెక్కిన రోజు నాకు నవ్వు రాలేదు.

కంపెనీలో సుఖం ఎలా ఉంటుందో అక్కడ చూశాను. మొద్దుబారిన కత్తితో రోజూ గడ్డం గీకుడు, దాని మీద మొహానికి పచ్చటి అర్దళం రంగు పూస్తే మంట, నెత్తిన ఆముదం కంపు కొట్టే సవరం, పడక బండి కింద. నడక నేర్పడానికి గురువు గారు నా చంకలో నీళ్ల కుండ పెట్టి రాళ్లలో తిప్పేవారు. ఒకసారి వాగు దాటుతుంటే హార్మోనియం నీళ్లలో పడి ఒక మెట్టు ఇరుక్కుపోయింది. అప్పటినుంచి ఎవరేం పాడినా వెనక ఒక జుమ్మనే మోత ఆగకుండా వచ్చేది. అయినా జనం నన్ను చూసి "అయ్యో తల్లి" అన్నప్పుడు, ఇదంతా హాయిగానే ఉండేది. ఆ ఒక్క మాట కోసం బండి కింద ఎన్నాళ్లయినా పడుకోగలననిపించేది.

ఇలా ఉండగా మా మేనమామ నాకు సంబంధం చూశాడు. పిల్ల జగర్గుండాలో తెలుగు రైతు కూతురు. తండ్రి ఊరికి పటేలు, చింతపండు దగ్గర్నుంచి ఎద్దుల తగాదాల దాకా సంతలో ఆయన మాటే మాట. పిల్లగాడేం చేస్తాడని ఆయన అడిగితే మా మామ "కంపెనీల ఉన్నడు" అన్నాడట. అబద్ధం కాదు. అయితే ఆ రోజుల్లో అక్కడ కంపెనీ అంటే రైలు పట్టాల కింద వేసే దుంగలు కోసే కలప కంపెనీ. "పని పెద్దదేనా?" అని పటేలు అడిగాడట. "వాడు లేకుంటె కంపెనీయే నడువది" అన్నాడట మామ. ఇదీ అబద్ధం కాదు. నేనూ ఆ పిల్లా ఒకరినొకరు చూసుకోకుండానే మాట ఖాయమైపోయింది.

సరిగ్గా అప్పుడే గురువు గారు, ఈసారి జగర్గుండా సంతలో ఆడదామన్నారు. అది పిల్ల ఊరు. కబురు పెడితే మామ పరుగున వచ్చాడు. కాసేపు గడ్డం గోక్కుని, "ఏందిరా నీ భయం? చీర గట్టి ఊళ్లకు పో, చీర మీదనే బయటికి రా. ఆ వేషంల నిన్ను కన్నతల్లి గూడ గుర్తు పట్టది" అన్నాడు. ఆ క్షణంలో అది నాకు గొప్ప ఆలోచనలా కనిపించింది. (మా వంశంలో తెలివి అంతా మేనమామ వైపు నుంచే వచ్చిందని అమ్మ అంటూ ఉండేది.)

సంత రోజు పొద్దున్నే చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, తల మీద కొంగుతో బండిలో దిగాను. ఆడమనిషి నాటకానికి వచ్చిందని సంతంతా చుట్టూ మూగింది. పటేలు జనాన్ని తోసుకుంటూ వచ్చి, నన్నూ కంపెనీ మగవాళ్లనూ చూసి గురువు గారి మీద విరుచుకుపడ్డాడు. "ఒక్క ఆడపిల్లను ఇంతమంది మగోళ్ల నడుమ కూసోబెడతరా? మా ఇంట్ల ఆడోళ్లున్నరు. ఆట మొదలయ్యేదాక ఆడనే ఉంటది." గురువు గారు నా వైపు చూశారు. నేను మామ వైపు చూశాను. మామ ఆకాశం వైపు చూస్తున్నాడు.

అలా నేను నా అత్తవారింటికి మొదటిసారి చీర కట్టుకుని వెళ్లాను.

వసారాలో చాప వేసి కూర్చోబెట్టారు. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది ఒక పిల్ల. చామనఛాయ, పెద్ద కళ్లు, తొందరేమీ లేని మనిషి. నేను నీళ్లు గటగటా తాగి చెంబు ఇచ్చేశాను. ఆమె నన్ను ఒక్కసారి నిదానంగా చూసి, నాకు కాస్త దూరంగా గడప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీయసాగింది.

"అక్కా, ఇట్ల ఊళ్లు తిరుగుతుంటె భయం గాదా?"

"అలవాటైంది" అన్నాను, రాణి గొంతుతో.

"నాకు లగ్గం కుదిరింది. పిల్లగాడు కంపెనీల ఉన్నడంట."

నాకు పొలమారింది. ఆమె మళ్లీ నీళ్లు తెచ్చింది.

"నువ్వు దేశం తిరిగినదానివి గదా. ఆ కంపెనీల చేసేటోళ్లు ఎట్లుంటరు? తాగుతరా?"

"కొందరు తాగుతరు. ఆ పిల్లగాడు తాగడు."

"నీకెట్ల ఎరుక?"

కొంగు సర్దుకున్నాను. ఆమె పిక్కలు తీయడం ఆపలేదు. "ఏ పనైన గానీ, దాని మీద మనసున్నోడైతె చాలు. మా నాయినకు పొలమంటె పానం. మనసు లేని పని జేసేటోడు ఇంట్ల గూడ మనసు లేకుండనే ఉంటడు" అంది. ఇంతలో డప్పు మోగింది. నేను రాణిలా నడవాలన్న సంగతి మరిచిపోయి, వాగు దాటే మనిషిలా అంగలేసుకుంటూ బయటపడ్డాను.

అక్కడ నాటకం పట్టపగలే ఆడాలి. పులుల భయం, చీకటి పడేలోపు జనం ఊళ్లకు చేరాలి. అందుకని నడినెత్తిన ఎండలో నిలబడి "ఈ చీకటి రాత్రి" అని మొదలుపెట్టాల్సి వచ్చేది. పచ్చి మామిడి కొమ్మలు నరికి పందిరి వేశారు. చూసేవాళ్లలో ఎక్కువమందికి తెలుగు రాదు కాబట్టి ఊళ్లోని ఒక పెద్దమనిషి పందిరి అంచున నిలబడి ప్రతి మాటా గోండీలో చెప్పేవాడు. ఆయన్ను దుబాసి అనేవాళ్లు. గురువు గారు రెండు ముక్కలంటే ఆయన పది ముక్కలు చెప్పి జనాన్ని నవ్వించేవాడు. నేను నాలుగు పద్యాలు పాడితే "ఏడుస్తోంది" అని ఊరుకునేవాడు.

నా ఘట్టం వచ్చింది. రాజు కనబడక, అడవిలో దారి తప్పిన రాణి. "ఏ దారి నే బోదు, ఎవ్వరి నడుగుదు" అని ఎత్తుకుని నేల మీద కూలబడ్డాను. జనం మొహమొహాలు చూసుకున్నారు. అడవిలో ఉన్నందుకు ఏడవడమేమిటో వాళ్లకు అర్థం కాలేదు. వాళ్లంతా ఆ పొద్దున అడవిలోంచే నడిచొచ్చారు. అప్పుడు నెత్తిన గంప పెట్టుకున్న ఒక ముసలమ్మ లేచి దుబాసితో గోండీలో ఏదో గట్టిగా అంది. నాకూ అర్థమైంది. ఆ పిల్లది ఏ ఊరో అడుగు, మేం పోయేటప్పుడు దిగబెట్టి పోతాం అంటోంది. చుట్టుపక్కలవాళ్లు అవునవునన్నారు. ఒకాయన సొరకాయ బుర్రలో నీళ్లు కూడా పట్టుకొచ్చాడు. నేను పాట ఆపేశాను. ఇంట్లో ఎద్దుతో మాట్లాడే నాన్న గుర్తొచ్చాడో, ఏమో, తెలియదు, నేను నిజంగానే ఏడ్చాను. అంతకుముందు కళ్లకు నూనె రాసుకుని ఏడ్చేవాణ్ని. ఆ రోజు నూనె అక్కర్లేకపోయింది.

నా ఏడుపుకు గురువు గారు పొంగిపోయి, రావలసిన సమయానికి ముందే కత్తి ఝళిపిస్తూ ప్రవేశించారు. ఆ కత్తి పైనున్న మామిడి కొమ్మకు తగిలింది. అందులో ఎర్ర చీమల గూడు ఉంది.

ఆ చీమలు కరిచినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, కరవనివాళ్లకు చెప్పినా తెలియదు. గూడు నా మెడ మీదే విడిపోయింది. "ఓరి నాయినో, సచ్చిన్రో!" అని మగగొంతుతో పెడబొబ్బ పెట్టి, సవరం పీకి విసిరేసి, చీర ఊడదీసి, లోపలి పంచెతో పందిరంతా గంతులు వేశాను. జనం ఇదీ ఆటలో భాగమే అనుకుని చూస్తున్నారు. దుబాసి దాన్ని కూడా నిదానంగా గోండీలోకి తర్జుమా చేశాడు.

తర్వాత సంత దద్దరిల్లేలా నవ్వులు. ఆ నవ్వుల్లోంచి పటేలు గొడ్డలి పట్టుకుని వచ్చాడు. "మగోడా! మగోడివై ఉండి నా ఇంట్ల, నా ఆడోళ్ల నడుమ కూసుంటవా?" నేను చీమలకు భయపడాలో గొడ్డలికి భయపడాలో తేల్చుకునేలోగా మా మామ మధ్యలోకి దూకాడు. "ఆగు పటేలా! వాడు పరాయోడు గాదు. నీకు కాబోయే అల్లుడే!"

దుబాసి ఈ మాట మాత్రం ఒక్క పొల్లు కూడా వదలకుండా చెప్పాడు. సంతంతా హోరెత్తింది. డప్పులవాళ్లు ఎవరూ అడక్కుండానే పెళ్లి దరువు అందుకున్నారు. పటేలు గొడ్డలి దించి, నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అన్ని ఊళ్ల జనం విన్నాక ఆ మాట ఇక వెనక్కి తీసుకోవడం ఎలా?

అప్పుడు వసారాలో నాకు నీళ్లిచ్చిన ఆ పిల్ల ముందుకు వచ్చింది. "నాయినా, ఆయన నీళ్లు తాగంగనే గొంతుముడి కదిలింది. అప్పుడే మగోడని ఎరుకైంది. లొల్లి ఎందుకని ఊకున్న. వసారా దాటి లోపలికి రానియ్యలే. కంపెనీ మాట దీస్తె పొలమారింది, అప్పుడు ఎవరో గూడ తెలిసింది."

"తెలిసీ ఊకున్నవా?"

"ఇప్పుడు ఏడ్చిండు గద, జూసినవ్ గద. ఆ పని మీద ఆయనకు మనసుంది."

పటేలు నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఒంటినిండా దద్దుర్లు, చెమటకు కారిన అర్దళం, సగం చెదిరిన కాటుక. పెద్దగా నిట్టూర్చి, "మీసం మొలిచినంక రమ్మను" అన్నాడు.

మీసం మొలిచింది, పెళ్లయింది. సంతలో జరిగిన కబురు తెలిసిన రోజు నాన్న, "ఆడోళ్ల బట్టలు గట్టి పిల్లను తెచ్చుకున్నోణ్ణి నిన్నొక్కణ్ణే జూసిన" అన్నాడు. ఎద్దుతో కాదు, నాతోనే.

కానీ పటేలు అల్లుడు మళ్లీ మీసం తీయకూడదు, మీసమున్న రాణి ఎక్కడా ఉండదు కదా. గురువు గారు నన్ను ద్వారపాలకుణ్ని చేశారు. "మహారాజా, జయము" అనడమే నా పని. నా రాణి వేషం కొత్తగా వచ్చిన ఒక బొంగురు గొంతువాడికి పోయింది. ఒకనాడు చింతలనార్‌లో వాడు ఆ అడవి పద్యం ఎత్తుకున్నాడు. ఈటె పట్టుకుని పక్కన నిలబడ్డ నాకు తెలియకుండానే కళ్లు ధారలు కట్టాయి. వాణ్ని వదిలేసి జనమంతా నన్నే చూడసాగారు. ఆట అయ్యాక గురువు గారు నన్ను పక్కకు పిలిచి, "ద్వారపాలకుడు ఏడిస్తె రాజ్యం ఎట్ల నిలబడుతదిరా?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆ వానాకాలం నాగలి పట్టాను, మళ్లీ కంపెనీలో చేరలేదు. "మనసున్న పని ఇడిసిపెట్టినవ్, నా వల్లనేనా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. కాదన్నాను. ఆమె నమ్మలేదు, నేనూ గట్టిగా ఒప్పించలేదు.

ఇప్పుడు జొన్న కంకి పట్టే రోజుల్లో మంచె ఎక్కి చిలకలు తోలడం నా వంతు. నా వయసుకు వడిసెల తిప్పి రాయి విసరడం చేతకాదు. అందుకని రాజు వేషం కడతాను. నాకెన్నడూ దక్కని ఆ మాటలన్నీ, వణికే కాళ్ల మీద నిలబడి, చేతిలోని కర్ర ఝళిపిస్తూ, చేనంతా మోగేలా పలుకుతాను. చిలకలు గుంపుగా లేచిపోతాయి. భయపడి కాదు, విసుగెత్తి లేస్తాయని మా ఆవిడ అంటుంది. కావచ్చు. అవి మళ్లీ వచ్చి కంకుల మీద వాలేదాకా, కళ్లు మూసుకుని, ఆ రెక్కల చప్పుడు చప్పట్లనే అనుకుంటాను.