చుట్టల కార్ఖానాలో చదివే కుర్చీ

మా మేనత్తది కంచు గొంతు. వంటింట్లో గుసగుసలాడితే వీధి చివర వినపడేది. ఆ గొంతే ఆవిడకి అన్నం పెట్టింది. చిన్నప్పుడు నిప్పంటుకుని వేళ్ళు ముడుచుకుపోయిన చేత్తో చుట్టలు చుట్టడం కుదరక, కార్ఖానాలో కుర్చీ వేసుకుని, చుట్టేవాళ్ళకి రోజంతా చదివి వినిపించేది. ఆవిడ వాటా చుట్టలు మిగతావాళ్ళు తలా కొన్ని చుట్టి ఇచ్చేవారు. ఏం చదవాలన్నది వాళ్ళ ఇష్టమే. తమకు నచ్చిన పుస్తకం మీద ఒక్కొక్కరు ఒక పొగాకు ముక్క పెట్టేవారు. ఎక్కువ ముక్కలు పడ్డదే అత్త చదివేది. చుట్ట చుట్టినవాళ్ళకే ఆ హక్కు.

పంతొమ్మిదో శతాబ్దం ముగుస్తున్న రోజులవి. లోకంలోని వాదాలన్నీ చుట్టలు చుట్టే ఆ బల్ల మీదికి వచ్చేవి. ఆస్తి అందరిదీ అనే సోషలిస్టులు, ఎవరి బతుకు వాళ్ళని బతకనివ్వమనే ఉదారవాదులు, ఒక భాషకి ఒక దేశం కావాలనే జాతీయవాదులు. అత్త ఎవరిది చదివితే వాళ్ళదే న్యాయమనిపించేది. పొగాకు ఆకుల ఈనెలు తీసే ముసలాయనైతే పుస్తకం మారినప్పుడల్లా పార్టీ మార్చేవాడు.

చివరికి అందరూ కలిసి కూలి పెంచమన్నారు. యజమానికి ఒళ్ళు మండింది. ఇదంతా ఆ చదువు వల్లేనని, రేపటినుంచి కుర్చీ తీసేస్తానని చెప్పేశారు. కుర్చీ పోతే అత్తకి కూడు పోయినట్టే. కానీ బెదిరిపోవడం మా అత్తకి చేతకాని పని. ఆఖరి రోజు కదా, ఈ ఒక్క పూటకి మీకు నచ్చిందే చదువుతానని యజమానితో అంది. ఆయన తను ప్రాణంగా చూసుకునే సంప్రదాయవాదుల పుస్తకం తెప్పించి, గుమ్మంలో నిలబడి విన్నారు. తరతరాలుగా నిలిచిన ఆచారాన్ని ఒక మనిషి కోపం కొద్దీ ఒక్క పూటలో తీసెయ్యకూడదన్న చోటికి రాగానే అత్త ఆగింది. ఆ వాక్యం మళ్ళీ చదివింది.

"అయ్యగారూ, ఈ కుర్చీ వేయించింది మీ తాతగారు కదండీ," అంది. "దీన్ని తీసెయ్యమని మీ పుస్తకం ఒప్పుకుంటుందంటారా?"

చేతులన్నీ ఆగిపోయాయి. ఆయన కోపిష్టే గానీ, నమ్మినదాన్ని పక్కకి నెట్టే మనిషి కాదు. కాసేపు గడ్డం గోక్కుని, కుర్చీ ఉండనీ అన్నారు. అయితే తన పుస్తకం పూర్తిగా చదవాలన్నారు.

"అది నా చేతిలో లేదండీ. చుట్టినవాళ్ళు చెప్పాలి," అంది అత్త.

ఆయన కోటు విప్పి, బల్ల చివర కూర్చున్నారు. చెమటలు కక్కి ఒక చుట్ట చుట్టారు. ఒక కొస లావు, ఒక కొస సన్నం. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫరవాలేదని ఒక పొగాకు ముక్క చేతికిచ్చాడు. యజమాని దాన్ని తన పుస్తకం మీద పెట్టారు. మిగతావన్నీ సోషలిస్టుల మీద పడ్డాయి.

ఓడినా లేచి వెళ్ళలేదు. సాయంత్రం దాకా కూర్చుని విన్నారు. మర్నాడు కోటు ఇంట్లోనే వదిలి వచ్చారు.