కొట్టేవాళ్ళు వరుసలో రండి

నా కూతుర్ని ఎవరైనా ఎత్తుకుపోతే? మూడేళ్ళుగా ఈ భయం నాతోపాటే అన్నం తింటోంది, నాతోపాటే మెలకువగా ఉంటోంది.

దేనికీ భయపడని మనిషి మా వీధిలో ఒక్కరే, వాంగ్మూలం మామయ్య. కోర్టులో సాక్షుల మాటలు టైపు చేసి రిటైరయ్యారు. ఆయనకున్నది ఒకటే పిచ్చి. నలుగురు కలిసి ఎవరినైనా తన్నబోతే చాలు, మడత కుర్చీ, రూళ్ళ పుస్తకం పట్టుకుని హాజరు.

"కొట్టేవాళ్ళు వరుసలో రండి. పేరు, ఇంటి నంబరు, కళ్ళారా చూసింది ఏమిటి?"

ఒకసారి సైకిలు దొంగ అంటూ ఎవరినో పట్టుకున్నారు. వరుసలో ముందు టైలరు.

"నువ్వు చూశావా?"

"బార్బరు చెప్పాడండీ."

"అయితే బార్బరు కొట్టాలి. నువ్వు పక్కకి జరుగు."

"ఈ రాతలెందుకు మామయ్యా?"

"ఠాణాకి పంపే కాగితంలో తన్నినవాళ్ళ పేర్లూ ఉండాలిగా! కుడి చేత్తో కొడతావా, ఎడమ చేత్తోనా?"

మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి వెనకున్నవాళ్ళందరికీ పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. సైకిలు మర్నాడు యజమాని అత్తగారింట్లో దొరికింది.

అయినా, ఆయన న్యాయం జరగనివ్వరని వీధంతా విసుక్కునేది. నేనూ విసుక్కునేదాన్ని.

కిందటి నెల వీధి చివరి పార్కులో ఫోను చూసి తలెత్తేసరికి పాప లేదు. గేటు దగ్గర ముక్కూ మొహం తెలియని ఆవిడ చేతిలో దాని చెయ్యి!

"పిల్లల దొంగ!" అని అరిచాను. క్షణంలో ఇరవై మంది. ఒకడు ఆవిడ జుట్టు పట్టుకున్నాడు. అంతలో ఎదురింటి నుంచి మడత కుర్చీ వచ్చేసింది.

"జుట్టు పట్టుకున్న బాబూ, ముందు నీ పేరు."

జుట్టు వదిలేశాడు.

"నువ్వేం చూశావమ్మా?"

"నా పాపని తీసుకుపోతోంది మామయ్యా!"

"అది నువ్వనుకున్నది. చూసింది చెప్పు. ఎటు నడుస్తోంది?"

సైన్సు చదువుకున్నదాన్ని, చూసిందీ అనుకున్నదీ వేరని తెలియాల్సినదాన్ని. "నా వైపే."

"రోడ్డు మీదకి పోతుంటే పట్టుకొచ్చానమ్మా" అంది ఆవిడ. అంత గొడవలోనూ పాప చెయ్యి వదల్లేదు.

జనం నా వైపు తిరిగారు. "తల్లేనా నువ్వు?"

మామయ్య పేజీ తిప్పారు. "ఈమెను తిట్టేవాళ్ళు కొత్త వరుసలో రండి!"

పార్కు ఖాళీ. ఆవిడకి చేతులు జోడించాను. మామయ్య ఆవిడని తన కుర్చీలో కూర్చోబెట్టారు.

"పుస్తకంలో నా పేరు కొట్టెయ్యరూ?" అని బతిమాలాను.

తెరిచి చూపించారు. ప్రతి పేజీలోనూ సున్నాలు, మెలికలు, పిచ్చిగీతలు. పేరన్నది ఒక్కటీ లేదు.

"నిజంగా రాస్తే రేపు మీరంతా నాకు మొహం చూపిస్తారా? వేడి చల్లారేదాకా పెన్ను కదపాలి, అంతే. ఈసారి పాప కనపడకపోతే 'దొంగ' అనకు. పాప పేరు పెట్టి కేక వెయ్యి. జనం పాపనే వెతుకుతారు."

నిన్న బట్టల షాపులో అలాగే కేక వేశాను. పదిమంది వెతికారు. పాప నా వెనకాలే నిలబడి, తనూ వెతుకుతోంది.