ఎనిమిదో ఇల్లు

ఎండుచేపల గంపతో కాలువ పడవెక్కి పాలకొల్లు సంతకు పోయే లోవమ్మకు మొగుడు సముద్రంలో పోయి పన్నెండేళ్లయింది. పిల్లలు లేరు. ఒంట్లో ఓపిక ఉడిగాక ఎవరి చూరు కిందా నిలబడకూడదని ఆమె పంతం. అందుకే చేతిలో మిగిలిన ప్రతి రాణిగారి బొమ్మ రూపాయినీ పాతగుడ్డలో మూటగట్టి మహాలక్ష్మమ్మ దగ్గర దాచేది. మహాలక్ష్మమ్మకు ఒక కాలు అవిటిది. ఇల్లు కదలకుండా వలలు అల్లుకునేది. వరసకు వదిన కాదు గానీ పిలుపుకు వదినే. ఆ మూటను ఏనాడూ విప్పి చూసిన మనిషి కాదు.

ఒక సంతరోజున లోవమ్మ సిద్ధాంతిగారి అరుగు దగ్గర ఆగింది. వారం నుంచి కుడికన్ను అదురుతోందని ఆమె బెంగ. ఆయన వేళ్లమీద గుణించి, "వచ్చే పున్నమికి చంద్రుడు నీకు ఎనిమిదో ఇంట్లో ఉంటాడే. డబ్బుకీ ఒంటికీ ముప్పు. కాస్త జాగ్రత్త" అన్నారు. అని పక్కమనిషి వైపు తిరిగిపోయారు. ఇంకొక్క ముక్క అడగనిచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పడవ దిగిందో లేదో లోవమ్మ తన గుమ్మం నుంచి వీధిలో ఇళ్లు లెక్కపెట్టింది. ఎనిమిదోది మహాలక్ష్మమ్మది. తన గుమ్మం వదిలేసి మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి బుల్లియ్య చిరుగు వలలు పడేసుకునే పాక వచ్చింది. అందులో ఎలుకలు తప్ప ఎవరూ ఉండరు. ఎలుకలకు రూపాయలెందుకు?

మూడు రోజులు తిండి సయించలేదు. వదినను అనుమానించాలంటే ప్రాణం ఒప్పలేదు, గ్రహాన్ని కాదనాలంటే ధైర్యం చాలలేదు. పున్నమినాటి పొద్దున, పోటు నీళ్లు పల్లె అంచుదాకా వచ్చిన వేళ, వెళ్లి మహాలక్ష్మమ్మ గుమ్మం బయటే నిలబడింది.

"నా మూట ఇచ్చెయ్యి ఒదినా."

"ఏంటంత తొందర? లోపలికి రా, గంజి తాగుదువుగాని."

"రానొదినా. ఇయ్యాళ నీ ఇల్లు నాకు మంచిది కాదంట."

మహాలక్ష్మమ్మ అల్లుతున్న వల పక్కన పెట్టింది. కాలీడ్చుకుంటూ వెళ్లి మూట తెచ్చి గడపమీద పెట్టింది. చేతికివ్వలేదు.

ఆ రోజంతా లోవమ్మకు కాలు నిలవలేదు. మూటను చూరులో దోపింది, తీసింది. బియ్యం కుండలో పెట్టింది, తీసింది. చివరికి ఎండబెట్టిన చేపల కింద కప్పెట్టి, పక్కనే కూర్చుని కాపలా కాసింది. వీధిలో ఎవరు దగ్గినా ఉలిక్కిపడింది. పున్నమి గడిచింది. ఏమీ పోలేదు.

గండం గడిచిందన్న సంబరంతో మరుసటి సంతకు అరటిపళ్లు పట్టుకుని సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లింది. సంగతంతా విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఓసి పిచ్చిదానా! ఎనిమిదో ఇల్లంటే జాతకచక్రంలో గడే, వీధిలో కొంప కాదే!"

లోవమ్మకు నవ్వు రాలేదు. గంప అమ్మకుండానే పల్లెకు తిరిగొచ్చి, మహాలక్ష్మమ్మ ముందు మూట పెట్టి, జరిగింది చెప్పి భోరున ఏడ్చింది.

"తప్పయిపోయిందొదినా. మళ్లీ నీ దగ్గరే దాచు."

మహాలక్ష్మమ్మ వల అల్లడం ఆపలేదు.

"నా గుమ్మం ఎన్నోదో లెక్కెట్టావు. ఎన్నేళ్లబట్టి నీ మూట తలకింద పెట్టుకు పడుకున్నానో లెక్కెట్టలేదేంటొదినా?" అంది. "తీసుకుపో. ఇంక దీనిమీద నాకు నిద్రపట్టదు."

ఆ తర్వాత లోవమ్మ పదహారేళ్లు బతికింది. అన్నాళ్లూ ఆ మూట ఆమె నడుముకే ఉంది.