అద్దె పెంచని ఇల్లు

మొన్న పొద్దున్నే, ఇంకా పాలు కూడా కాగలేదు, ఒకమ్మాయి కాకినాడలో మేమద్దెకుంటున్న ఫ్లాటు తలుపు కొట్టి, మెళ్లో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబుతో, ఇళ్ల అద్దెల సర్వేకి వచ్చానండి, ఐదు నిమిషాలు చాలండి అని నిలబడేసరికి నాకు ఎక్కడలేని నవ్వూ వచ్చింది, దాని వెనకాలే ఎక్కడలేని నీరసమూ వచ్చింది. గదులెన్ని, అద్దెంత, కిందటిసారికీ ఇప్పటికీ ఏమన్నా తేడా ఉందా అని ఆ పిల్ల వరసగా అడుగుతుంటే, తర్వాత ఏ ప్రశ్న వస్తుందో నాకు ముందే తెలిసిపోతోంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రాజమండ్రి వీధుల్లో గొడుగేసుకుని తిరుగుతూ నేనడిగిన ప్రశ్నలే అవి. కూర్చోమ్మా, కాఫీ తాగి వెళ్దువుగాని అంటే, ఇంకా చాలా ఇళ్లున్నాయండి అని చెప్పులు తొడుక్కుంది. ఆ తొందర నాకు తెలీనిదా పాపం. ఆ అమ్మాయి లిఫ్టెక్కి వెళ్లిపోయింది గానీ, నేను మాత్రం ఆ రోజంతా కుర్చీలోంచి లేవబుద్ధి కాక, రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక పెంకుటింటి గురించే ఆలోచిస్తూ కూర్చుండిపోయాను.

నా ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఆడపిల్లకి ప్రభుత్వోద్యోగం అంటే టీచరో, నర్సో, టైపిస్టో. అలాంటిది నాకు గణాంకాల శాఖలో ఇన్వెస్టిగేటరుగా ఆర్డరొస్తే, మా అమ్మ అదేదో పోలీసు ఉద్యోగం అనుకుని బెంగపెట్టుకుని అన్నం మానేసింది. తీరా చూస్తే నా పనల్లా సంచీ భుజానేసుకుని బజారుకెళ్లి కందిపప్పు ఎలా ఇస్తున్నారు, కొబ్బరినూనె ఎంత అని అడిగి రాసుకోవడం, ఆర్నెల్లకోసారి ఇళ్లకెళ్లి అద్దె ఎంత అని అడిగి రాసుకోవడం. వాటన్నిటినీ కలిపి పైన ఎక్కడో ధరల సూచీ కట్టేవారు. ఆ సూచీ పెరిగితే మిల్లుల్లో పనిచేసేవాళ్లకి డి.ఏ. పెరిగేది, పెరక్కపోతే లేదు.

పప్పూ ఉప్పూ సంగతి వేరు, అద్దెల సంగతి వేరు. అద్దె వంకాయల ధరలాగా పూటకోరకంగా ఉండేది కాదు గనక ఆర్నెల్లకోసారి చూస్తే సరిపోయేది. కానీ ఒకసారి లిస్టులో పడ్డ ఇల్లు ఏళ్ల తరబడి ఆ లిస్టులోనే ఉండాలి, అందులో మనుషులు మారినా ఇల్లు మారకూడదు. ఈసారి చిన్నింటికీ వచ్చేసారి పెద్దింటికీ వెళ్లి అడిగితే, పెరిగింది అద్దో ఇల్లో తేలదు కదా మరి. అదే ఇల్లు, అదే గుమ్మం, ఇప్పటి అద్దెని కిందటి అద్దెతో పోల్చి చూడడం, అంతే. సొంతిళ్లవాళ్లు ఎవరికీ ఏమీ కట్టకపోయినా, పక్కన అలాంటి ఇల్లే ఎంత పలుకుతోందో చూసి వాళ్లనీ లెక్కలో వేసుకునేవాళ్లం. ఈ మాట చెప్పినప్పుడల్లా ప్రతి ఇంటాయనా, నా ఇంట్లో నేనుండడానికి నాకు అద్దేంటండీ అని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాడు. విప్పి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

నేను చేరేనాటికే ఆ లిస్టులో ఇన్నీసుపేటలో మా అక్క వాళ్లు అద్దెకుంటున్న పెంకుటిల్లుంది. సొంత అక్క ఇంటికి నేను వెళ్లొచ్చునో కూడదో అని మా ఆఫీసరుగారిని అడిగితే, రసీదు చూసి రాసుకోవడానికి అక్కయితేనేం, చెల్లెలయితేనేం అనేశారు. బావకి మిల్లులో పని. నేను సంచీతో గుమ్మంలో కనపడితే చాలు, "ఇండెక్సు గారు వేంచేశారు, కుర్చీ వెయ్యండి!" అని కేకేసేవాడు. మా డి.ఏ. అంతా నీ పెన్ను మొన మీదుందే మరదలు పిల్లా, కాస్త ముందుకు జరుపు, నీ సొమ్మేం పోయింది అని ఏడిపించేవాడు. అద్దె పెరిగిందా అని నేనడగడం, లేదమ్మా అని అక్క వంటింట్లోంచే చెప్పడం, మార్పు లేదు అని నేను రాసుకోవడం, ఇదంతా వాళ్లింట్లో ఒక వేడుకలాగా జరిగేది.

నిజంగానే అద్దె పెరగలేదు. ఆ ఇంటావిడని మేమంతా మామ్మగారు అనేవాళ్లం. భర్త బట్టల కొట్టు నడిపేవారు, ఆయన పోయాక కొట్టు మూతపడింది, పిల్లల్లేరు. ముందు వాటాలో ఆవిడ, వెనక మూడు గదుల వాటాలో అక్కావాళ్లు. అక్క కొత్తగా కాపురానికొచ్చిన రోజున బొట్టుపెట్టి, నేనున్నంతకాలం నీకు అద్దె పెంచనమ్మా అని మాటిచ్చారట. ఎవరడిగారండీ ఆవిడని! ఏదో సంబరంలో అనేశారు. ఆ మాట వీధి వీధంతా పాకి, పేరంటాలకెళ్తే నలుగురూ ఆవిడకి పీట ముందు వేసేవారు. మాట మీద వ్యాపారం చేసిన ఇల్లు అది, ఆవిడకి మిగిలిన ఆస్తల్లా ఆ పేరే. ఆ మాట చెప్పుకుంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి, ఎంత వెలిగిపోయేదో.

మాట మాటే గానీ, ఆవిడకి మాత్రం ధరలు పెరగలేదా? కందిపప్పు నేను రాసుకునే ధరకే ఆవిడా కొనుక్కోవాలి. ఓ సాయంత్రం గిన్నెలో పులిహోర పట్టుకొచ్చి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి, వెనక దొడ్డి మీకు పెద్దగా వాడకం లేదు కదమ్మా అన్నారు. అవునండి, ఖాళీగానే ఉంటోందండి అంది అక్క, పచ్చగా పెంచుకున్న బెండమొక్కలు ఎదురుగా కనపడుతుండగానే. వారం తిరక్కుండా దొడ్డి ఒక కొబ్బరికాయల వ్యాపారి చేతికెళ్లింది, కాయలు రాశి పోసుకోవడానికి. మరికొన్నాళ్లకి బొబ్బట్లొచ్చాయి, మోటారు నీళ్లు పొద్దున్న పూటకే అయ్యాయి. ఆ తర్వాత కొత్తావకాయ వచ్చింది, స్కూటరు పెట్టుకునే పంచ పోయింది. మామ్మగారు గిన్నె పట్టుకుని వస్తుంటే నాకు గుండె దడే అనేవాడు బావ, ఆ బొబ్బట్టే తింటూ. ఒక్కరూ నోరు తెరిచి అనరు. ఆవిడ అడగరు, వీళ్లు కాదనరు, అందరూ అండీ అండీ అనుకుంటూనే ఉంటారు, ఇల్లు మాత్రం సబ్బుబిళ్లలాగా అరిగిపోతోంది.

నేను మాత్రం ఏం రాయను? అద్దె అంతే, కాబట్టి మార్పు లేదు. దొడ్డి పోయింది, నీళ్లు తగ్గాయి అని పక్కన రాసుకెళ్లి ఆఫీసరుగారికి చూపించాను. ఆయన మంచివారే, శ్రద్ధగా చదివి, అద్దె తగ్గకుండా ఇల్లు తగ్గితే అది పెరిగినట్టే లెక్కమ్మా, కానీ దొడ్డికి విలువెంత, నీళ్లకి విలువెంత అని నేనెలా కట్టను, పైకి రాస్తాను అన్నారు. రాశారు కూడా. జవాబు రాలేదు. ఆ కొబ్బరికాయల ఆయన మామ్మగారికి ఇచ్చే డబ్బు మా లెక్కలోకి రాదు, అది కాపురం కాదు కదా. ఆ విధంగా ఊళ్లో పెరిగిన అద్దెల్లో ఒకటి మా కళ్ల ముందునుంచే దర్జాగా వెళ్లిపోయింది.

ఇంతవరకూ అయితే ఏదో నవ్వుకునే సంగతే. కానీ వాళ్లతోనే ఉండే అక్క అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు. ఆవిడంటే అక్కకి ప్రాణం. మా అమ్మ దగ్గర కూడా అక్క అంత చనువుగా ఉండేది కాదు. వెనక గదిలో మంచం వేసి, నీళ్లు పోయడం, దువ్వడం, జడ వెయ్యడం, అన్నీ తానే చేసేది. నా చేతుల్లోనే పంపిస్తానే ఆవిణ్ణి, ఇంకొకరికి అప్పగించను అనేది. మధ్యాహ్నాలు మామ్మగారు కూడా వచ్చి ఆ మంచం పక్కనే కూర్చుని తమలపాకులు చుట్టుకుంటూ కబుర్లు చెప్పేవారు. ఇద్దరూ ఒక ఈడు వాళ్లు, ఇద్దరికీ భర్తలు లేరు. వాళ్ల నవ్వులు వీధిలోకి వినపడేవి.

అలాంటి మామ్మగారే ఒకరోజు సున్నుండలు పట్టుకుని వచ్చారు. చాలాసేపు కూర్చున్నారట. లేచి వెళ్లబోతూ, వర్షాలొస్తే కాయలు తడిసిపోతున్నాయంటున్నాడమ్మా ఆయన, ఈ వెనక గదుంటే బాగుండునంటున్నాడు అన్నారట, అక్క మొహంలోకి చూడకుండా. ఆ సున్నుండలు ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి ఇంట్లో మాటల్లేవు. బావా, ఆవిడకి అద్దె పెంచి ఇస్తాం, గది ఉంచండి అని ఒక్క మాటంటే పోయేదానికి ఇంత బాధెందుకు అన్నాను. అక్క నావైపు కోపంగా చూసి, నీకు తెలీదులే ఊరుకో అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అది పోతే మిగిలే రెండు గదుల్లో ఒకటి వంటిల్లు, రెండోదాంట్లో పిల్లలతో పడుకోవడమే కష్టం. ఆ మంచం ఎక్కడ వేస్తారు?

మొగల్తూరులో బావ తమ్ముడు వ్యవసాయం చేసేవాడు. పెద్ద మండువా ఇల్లు, కావలసినంత చోటు. కారు మాట్లాడి, వెనక సీట్లో పరుపు వేసి అత్తగారిని పడుకోబెట్టారు. అక్క ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మామ్మగారు తన వాటా తలుపు తియ్యలేదు, కిటికీ వెనక నిలబడి ఉన్నారని మాత్రం నాకు తెలిసింది. మొగల్తూరు వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. కానీ ఊడుపుల రోజులు, ఇంటిల్లిపాదీ పొలంలో ఉంటే ఆవిడ ఆ పెద్దింట్లో ఒక్కతీ దూలాలు చూస్తూ పడుకోవాలి. అక్క తీరిక దొరికినప్పుడల్లా బస్సులు మారి నరసాపురం మీదుగా వెళ్లి తల దువ్వి వచ్చేది. చలికాలం వెళ్లకుండానే ఆవిడ పోయారు. కబురందుకుని అక్క వెళ్లేసరికి స్నానం కూడా చేయించేశారు. అక్క ఏడవలేదు. నా చేతుల్లో పోలేదే అని మాత్రం దారి పొడుగునా అంటూనే ఉంది.

తర్వాత వాళ్లు ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు. తాళం వేసిన ఆ గది ముందునుంచి నడవలేకపోతున్నానే అని బావ ధవళేశ్వరం వైపు ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఆర్నెల్లు తిరిగాయి, నా కాళ్లు నన్ను మళ్లీ ఆ గుమ్మంలోకే తీసుకెళ్లాయి, మనుషులు మారినా ఇల్లు మారకూడదు కదా. కొత్తవాళ్లు దిగారు. కొబ్బరికాయల ఆయన ఖాళీ చేసి వెళ్లిపోయాడు, దొడ్డీ గదీ మళ్లీ ఆ వాటాలోకే వచ్చాయి, నీళ్లు రెండు పూటలా. అద్దె పాతదానికి రెట్టింపు పైనే, ఎందుకంటే మామ్మగారు మాటిచ్చింది అక్కకి గానీ వీళ్లకి కాదు. ఇన్నేళ్లూ పెరగని ఆ ఇంటి అద్దె ఒక్క దెబ్బన మా లెక్కలోకి వచ్చిపడింది. ఊళ్లో అలాంటి ఇళ్లు ఇంకా ఎన్నున్నాయో, ఆసారి సూచీ కాస్త కదిలింది, బావకి డి.ఏ. వచ్చింది. ఆ మాట చెప్పడానికి వెళ్తే ఎప్పుడూ ఏడిపించే మనిషి, ఇన్నాళ్లకి వచ్చిందిలే అని చొక్కా తగిలించుకుని బయటికెళ్లిపోయాడు.

ఆరోజు రసీదు చూసి రాసుకుంటుంటే మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. బాగా చిక్కిపోయారు. "మీ అక్క ఒక్కసారి, అద్దె పెంచండి మామ్మగారూ అంటే ఆ గది వాళ్లకే వదిలేసేదాన్ని కదమ్మా, తనంతట తను అంటుందని ఎంత ఎదురుచూశానో" అన్నారు, కళ్లొత్తుకుంటూ. రిక్షా కూడా పిలవకుండా ఎండలో నడుచుకుంటూ వచ్చేశాను.

ఆ మాట అక్కకి చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మామ్మగారు కూడా పోయాక, ఒకరోజు అక్క గోరుచిక్కుళ్లు గిల్లుతుంటే చెప్పేశాను. చెయ్యి ఆపకుండానే వింది. తెలుసే అంది. ఆవిడ అడగలేకపోతోందని నాకూ తెలుసు, మీ బావకీ తెలుసు, అద్దె పెంచి ఇద్దామని ఆ రాత్రే అనుకున్నాం కూడా అంది. మరి ఎందుకివ్వలేదని అరిచినంత పని చేశాను. అప్పుడు చెప్పింది. "మా అత్తగారే వద్దన్నారే. ముసలిది, ఆ ఒక్క మాట మీద తలెత్తుకు బతుకుతోంది, నా మంచం కోసం దాని మాట పోగొట్టకండి, నన్ను మొగల్తూరు పంపించెయ్యండి అని నాచేత ఒట్టేయించుకున్నారు."

ఇప్పుడు మా ఫ్లాటు ఓనరెవరో నేను కళ్లతో చూడలేదు. ఏడాది తిరిగేసరికి కాగితంలో రాసుకున్న ప్రకారం అద్దె పెరుగుతుంది, ఫోన్లోనే కట్టేస్తాం, ఎవరికీ ఎవరి మొహం చూడక్కర్లేదు, ఎవరి గదీ పోదు. ఇదే మంచిదని నాకు తెలుసు, ఇలా ఉంటే అక్క చేతుల్లోనే ఆవిడ కన్నుమూసేవారనీ తెలుసు. అయినా ఒక ముసలావిడ పరువు నిలబెట్టడానికి ఇంకో ముసలావిడ విరిగిన తుంటితో ఊరు వదిలి వెళ్లిపోయిందని ఈ కాలం వాళ్లకి చెప్తే నమ్మరు, నమ్మించే ఓపిక నాకూ లేదు. మన ఈడు వాళ్లు గనక మీతో చెప్పుకున్నాను.